ముప్పై ఘనపుటడుగుల టిప్పింగ్ ట్రాలీ: ఇరుసు జరిపాం, జాకీ దించాం, టైరు పేల్చుకున్నాం

మా తోటలోకి టిప్పర్ రాదు. మేడ్చల్ దాటాక లోపలికి ఉన్న ఎకరంన్నర అది. గేటు వెడల్పు తొమ్మిది అడుగులు, దాని వెనకే మామిడి కొమ్మలు, వాటి మీదుగా కరెంటు తీగ. టిప్పర్ వాళ్లు వెనక్కి వచ్చి గేటు లోపల గుమ్మరించి వెళ్లిపోతారు. అక్కడి నుంచి తోట చివర కట్ట దాకా టేపు పెట్టి కొలిస్తే 320 మీటర్లు. ఆ దూరం తరలించాల్సినవి మూడు రకాలు: కట్టకు రాళ్లు, దారికి మొరం, చెట్లకు చెరువు మట్టి. అంతా కలిపి అరవై టన్నుల లెక్క. గడువు మృగశిర కార్తె. ఆ తర్వాత వాన పడితే తోటలోని నల్లమట్టి భాగంలో ట్రాక్టర్ సంగతి అటుంచి మనిషే దిగబడతాడు.

ఉన్న ట్రాక్టర్ 22 హార్స్ పవర్ మినీ రకం. దానికి తగ్గ చిన్న టిప్పింగ్ ట్రాలీ పాతది కొని, వాడుతూనే మార్చుకుంటూ వచ్చాను. ఎక్కడ చెడింది, ఏ కొలత తప్పింది అన్నవి రాసి పెడుతున్నాను. ఒక మాట ముందే: ఇలాంటి ట్రాలీ రోడ్డెక్కాలంటే దానికి విడిగా రిజిస్ట్రేషన్ కావాలి. మాది గేటు దాటి బయటికి పోదు.

దశ 0: కొన్నది

ఆటోనగర్‌లో పాత సామాను యార్డులో దొరికింది. "రెండు టన్నులు కళ్లు మూసుకుని వేసుకోండి సార్" అన్నాడు అమ్మినతను. కళ్లు తెరిచి కొలిస్తే ఇదీ లెక్క:

1. తొట్టి 6 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, పక్కలు 15 అంగుళాలు. 30 ఘనపుటడుగులు, అంటే 850 లీటర్లు.
2. కాంటా మీద ఖాళీ బరువు 420 కిలోలు. తొట్టిని తర్వాత విప్పి తూచినప్పుడు అదొక్కటే 190.
3. ఒకే ఇరుసు, కమాన్ పట్టీలు (ఇరుసు మీద బరువు మోసే స్ప్రింగు పట్టీలు), 13 అంగుళాల కారు టైర్లు. బ్రేకులు లేవు.
4. తొట్టిని ఎత్తే నూనె జాకీ లోపలి వ్యాసం 63 మి.మీ., సాగేది 500 మి.మీ. ఒకవైపే నెట్టే రకం. తొట్టి దిగడం దాని సొంత బరువుతోనే.

సరుకు బరువు తెలుసుకోవడానికి 20 లీటర్ల పెయింటు బకెట్టు, వేలాడే తూకం చాలు. మొరం బకెట్టు 27 కిలోలు తూగింది. తొట్టి నిండా అంచుకు సమంగా పోస్తే 1,150 కిలోలు. ఈ బకెట్టు పరీక్షను చెరువు మట్టికి కూడా అప్పుడే చేసి ఉంటే కింద రాసిన వాటిలో సగం గొడవలు ఉండేవి కావు.

ఇప్పటికి ఖర్చు: ట్రాలీ 34,000, తెచ్చిన కిరాయి 2,500. మొత్తం రూ. 36,500.

దశ 1: రాళ్లు, గాలిలో తేలిన నొగ

మొదట రాళ్లు. మా చుట్టుపక్కల ఏ గుట్ట చూసినా గ్రానైటే, సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి రాయి. వయసుతో బరువు తగ్గలేదు. వెనక తలుపు తీసి ఎక్కించడం సులువు కాబట్టి కూలీలు పెద్ద రాళ్లన్నీ వెనకే పెట్టారు. ట్రిప్పుకు 900 కిలోలు పడుతున్నాయి.

బావి పక్కన చిన్న ఎత్తు ఉంది. మూడో ట్రిప్పులో అక్కడ ట్రాక్టర్ వెనక చక్రాలు ఉన్నచోటే తిరగడం మొదలుపెట్టాయి. ఇంజను గట్టిగానే ఉంది, నేల పొడిగానే ఉంది. దిగి చూస్తే ట్రాలీ నొగ, అంటే ట్రాక్టర్‌కు తగిలించే ముందు కొస, హుక్కులో కింద ఆనుకోవడం మాని పైకి తన్నుతోంది. పిన్ను కిందికి పైకి టకటకలాడుతోంది. ట్రాక్టర్ వెనక భాగాన్ని ట్రాలీ ఎత్తి పట్టుకుందన్నమాట.

పక్క పొలం పెద్దాయన గట్టు మీద కూర్చుని చూస్తున్నాడు. "ఎడ్లబండి తోలలేదా బిడ్డా? వెనక బరువైతే నొగలు లేస్తాయి, కాడి ఎద్దుల గొంతుకు పడుతుంది. ముందు బరువైతే మెడ కుంగుతుంది. అరచేత్తో నొగ ఎత్తి చూసి గదా బండి కట్టేది" అన్నాడు. అరచేతికి అందే బరువు కాదు కాబట్టి నేను బాత్‌రూమ్ తూకం తెచ్చాను. నొగ మీద ఎంత బరువు ఆనుతోందో కొలిచే పద్ధతి ఇది:

1. గట్టి పలక ఒకటి. ఒక చివర ఇటుక, నాలుగు అడుగుల దూరంలో రెండో చివర తూకం.
2. పలక మాత్రమే ఉన్నప్పుడు తూకం చూపే అంకె రాసుకోవాలి.
3. ఇటుక నుంచి సరిగ్గా ఒక అడుగు దూరంలో నొగ ఆనించాలి. ట్రాలీ మట్టంగా ఉండాలి, చక్రాలకు అడ్డు పెట్టాలి.
4. తూకం చూపిన దానిలోంచి పలక బరువు తీసేసి, నాలుగుతో గుణించాలి.

ఖాళీ ట్రాలీకి 38 కిలోలు వచ్చింది. రాళ్లు సమంగా సర్దితే 69. మొత్తం బరువు 1,320లో ఇది నూటికి ఐదు. రాళ్ల బరువు మధ్యభాగం ఇరుసుకు ఒక జానెడు వెనక్కి జరిగితే చాలు, నొగ మీద బరువు సున్నా దాటి ఎదురు తిరుగుతుంది. తప్పు రాళ్లదీ కూలీలదీ కాదు. ఇరుసు తొట్టి మధ్యకు 75 మి.మీ. మాత్రమే వెనకగా ఉంది. సర్దడంలో పొరపాటుకు ఆ 75 మి.మీ. తప్ప చోటే లేదు.

ఇరుసును 125 మి.మీ. వెనక్కి జరపాలని లెక్క తేలింది. రోడ్డు మీద షెడ్డున్న వెల్డింగ్ మేస్త్రి జనరేటర్ వేసుకుని వచ్చాడు. ఒక పూటలో పని అయిపోయింది. తూకం మళ్లీ పెడితే, అవే రాళ్లకు నొగ మీద 130 కిలోలు, నూటికి పదికి దగ్గర.

అయితే రెండు తప్పులు చేశాం.

ఒకటి, కమాన్ పట్టీల బ్రాకెట్లను చాసిస్ చానల్ అడుగు అంచుకు అడ్డంగా అతికించాడు మేస్త్రి. నేను పక్కనే ఉండి టీ తాగుతున్నాను. మూడు ట్రిప్పులకు వెల్డింగ్ గీత పక్కనే చానల్‌లో పగులు. అడ్డంగా వేసిన వెల్డింగ్ దగ్గర ఇనుము బిరుసెక్కుతుంది, ఊగిన ప్రతిసారీ అక్కడే నలుగుతుంది. పగులు చివర చిన్న రంధ్రం వేసి ఆపి, గీత పూడ్చి, లోపలి నుంచి 8 మి.మీ. పలక పెట్టి నిలువు గీతలుగా మాత్రమే అతికించాం. బ్రాకెట్లను బోల్టులతో బిగించాం. రెండోసారి మేస్త్రి కూలి తీసుకోలేదు.

రెండోది పూర్తిగా నాదే. ఇరుసు జరిపాక నొగ పిన్ను నుంచి ఇరుసు రెండు కొసలకూ టేపు పట్టి చూడలేదు. ట్రాలీ ఎండ్రకాయలా పక్కవాటుగా నడుస్తుంటే నేల ఎగుడుదిగుడు అనుకున్నాను. ఎడమ టైరు అంచు రంపంలా అరిగాక కొలిస్తే రెండు దూరాలకూ 14 మి.మీ. తేడా. యూ బోల్టులు వదులు చేసి, ఇరుసును సుత్తితో తట్టి, తేడా 2 మి.మీ.కు తెచ్చి మళ్లీ బిగించాం. పది నిమిషాల పని.

ఖర్చు: వెల్డింగ్ 2,800, చానల్ ముక్కలు, పలకలు 1,350, యూ బోల్టులు నాలుగు 640. ఈ దశకు రూ. 4,790.

రాళ్లు అయిపోయేసరికి: 11 ట్రిప్పులు, 9.9 టన్నులు. తర్వాత మొరం 14 ట్రిప్పులు, 16.1 టన్నులు. మొరం గురించి రాయడానికి ఏమీ లేదు. ఎత్తితే జారింది, అంతే.
ఇప్పటికి: 25 ట్రిప్పులు, 26 టన్నులు, రూ. 41,290.

దశ 2: చెరువు మట్టి, లేవని తొట్టి

2015లో మిషన్ కాకతీయ మొదలైన రోజుల్లో పూడిక మట్టి పొలాలకు తోలుకున్న రైతులెవరైనా ఈ దశను నవ్వుతూ చదువుతారు. మేలో తెచ్చిన మట్టి పైకి ఎండి పెళ్లలుగా ఉంది, లోపల తడి. తొట్టి నింపి, కట్ట దగ్గరికి తీసుకెళ్లి లీవరు ఎత్తాను. తొట్టి ముందు అంచు బొటనవేలు దూరేంత లేచి ఆగిపోయింది. పంపు ఈల వేసింది. పారలతో గంటన్నర తోడిపోశాం. టిప్పింగ్ ట్రాలీని పారతో ఖాళీ చేయడంలో ఉన్న అవమానం అనుభవిస్తేనే తెలుస్తుంది.

అప్పుడు పెట్టాను బకెట్టు పరీక్ష: 35 కిలోలు. తొట్టి నిండితే 1,490. మొరం కన్నా ఏడు సిమెంటు బస్తాల బరువు ఎక్కువ.

రాణీగంజ్‌లో పీడనం చూపే గేజి, దాన్ని పైపుకు తగిలించే మూడు మూతుల ముక్క కొన్నాను. లీవరు ఎత్తి పట్టుకుంటే సూది చదరపు సెంటీమీటరుకు 125 కిలోల దగ్గర ఆగుతోంది. ఈ ట్రాక్టర్ ఇవ్వగలిగింది అంతే. కావలసింది ఎంతో కాగితం మీద వేశాను:

1. తొట్టి తిరిగే వెనక పిన్ను నుంచి తొట్టి మధ్యకు 735 మి.మీ.
2. మట్టి, తొట్టి కలిపి 1,680 కిలోలు. రెండూ గుణిస్తే 12,34,800.
3. జాకీ పైపిన్ను, తిరుగుడు పిన్నుకు 900 మి.మీ. ముందు ఉంది. కానీ తొట్టి దిగి ఉన్నప్పుడు జాకీ దాదాపు పడుకునే ఉంటుంది, 18 డిగ్రీలు. అందుకని దానికి దక్కే మీట పొడవు 900 కాదు, 278.
4. భాగిస్తే 4,440 కిలోల నెట్టుడు కావాలి. జాకీ అడ్డుకోత 31.2 చదరపు సెం.మీ. అంటే పీడనం 142.

125తో 142 పని కాదు. మొరం లెక్క వెనక్కి వేస్తే 114 వచ్చింది. పద్నాలుగు ట్రిప్పులూ గోడ అంచు మీద నడిచానన్నమాట.

పెద్ద జాకీ వేద్దామన్నాడు మేస్త్రి. 80 మి.మీ. జాకీకి నూనె ఒకటిన్నర రెట్ల పైన కావాలి. ట్రాక్టర్ గేరుపెట్టెలోని నూనే జాకీకి పోతుంది కాబట్టి అంత తోడితే అక్కడ మట్టం పడిపోతుంది. ఉన్న జాకీ సాగితేనే 1.56 లీటర్లు మింగుతోంది. కనుక జాకీని మార్చకుండా అది నెట్టే కోణం మార్చాం. కింది పిన్నును 93 మి.మీ. దించి, 38 మి.మీ. వెనక్కి తెస్తే కోణం 26 డిగ్రీలు అవుతుంది, మీట పొడవు 394 అవుతుంది. అదే మట్టికి పీడనం 100 చాలు. బదులుగా రెండు పోగొట్టుకున్నాం: తొట్టి లేచే కోణం 41 నుంచి 39 డిగ్రీలకు తగ్గింది, బ్రాకెట్టు కింద నేలకు ఖాళీ 290 నుంచి 197 మి.మీ.కు పడిపోయింది.

పిన్నులు, బుష్‌లు బాలానగర్‌లో లేత్ మీద చేయించాను. పాత పిన్ను మధ్యలో వేలికి తగిలేంత గుంట పడి ఉంది. జాకీ విప్పితే లోపలి నూనె తారులా ఉంది, సీళ్లు కూడా మార్చాం.

పరీక్ష రోజు సంగతి విడిగా చెప్పాలి. ఖాళీ తొట్టి ఎత్తి, కింద బ్రాకెట్టు చూస్తున్నాం. అంతకుముందే మేస్త్రి చాసిస్‌కూ తొట్టికీ మధ్య రెండంగుళాల ఇనప గొట్టం ఊతగా నిలబెట్టాడు. "ఎత్తింది నూనె సార్, నూనెను నమ్మి తల పెట్టకూడదు" అంటూ. పాత రబ్బరు పైపును తర్వాత మారుద్దామని నేనే ఉంచాను. అది బిగింపు దగ్గర పగిలింది. నూనె సన్నగా చిమ్మి, తొట్టి జానెడు దిగి ఊత మీద ఢమ్మని కూర్చుంది. మేస్త్రి అరచేయి అక్కడి నుంచి తీసి నిమిషం కాలేదు. ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఇప్పుడు ఆ గొట్టానికి ఎర్ర రంగు వేసి, చాసిస్‌కే బందు పెట్టి తగిలించాం. తీసి ఎక్కడో పెట్టడం, వెతుక్కోవడం ఉండదు.

పైపు కొత్తది వేశాక నిండు మట్టితో గేజి 108 చూపింది. లెక్కకు పైన వచ్చిన 8 పిన్నుల రాపిడి అనుకుంటున్నాను.

ఖర్చు: గేజి 1,150, పైపు 1,400, 12 మి.మీ. పలకలు 1,900, పిన్నులు, బుష్‌లు 1,600, సీళ్లు 650, నూనె 1,450. ఈ దశకు రూ. 8,150.
ఇప్పటికి: తోడిపోసిన దానితో కలిపి 31 ట్రిప్పులు, 34.9 టన్నులు, రూ. 49,440.

దశ 3: టైరు

రోహిణి ఎండకు రోళ్లు పగులుతాయంటారు. మాకు 31వ ట్రిప్పులో టైరు పగిలింది, మధ్యాహ్నం రెండున్నరకు, తొట్టి నిండుగా ఉండగా. ఎండ మీద నెపం వేసి ఊరుకునేవాణ్నే గానీ, టైరు పక్కన అచ్చు వేసిన అంకెలు చదివాను. చివర 83 అని ఉంది. అది వేగమూ కాదు, కొలతా కాదు, మోయగల బరువుకు సంకేతం: 487 కిలోలు. రెండు టైర్లకు 974. నిండు మట్టితో నొగ మీది బరువు తీసేశాక కూడా చక్రాల మీద 1,730 కిలోలు పడుతోంది. నడక వేగంలో టైరు రాసిన దానికన్నా కొంత ఎక్కువే మోస్తుంది, కానీ దాదాపు రెండింతలు కాదు. మొరం ట్రిప్పుల్లోనే 1,420 పడింది. ఇన్నాళ్లు నిలిచినందుకు ఆ టైరుకు దండం పెట్టాలి.

106 అంకె ఉన్న 15 అంగుళాల వ్యాను టైర్లు, రిమ్ములతో సహా పాతవి దొరికాయి. 106 అంటే 950 కిలోలు. మా హబ్బుకు నాలుగు బోల్టులు, ఆ రిమ్ముకు ఐదు రంధ్రాలు. ఉన్న హబ్బుకే కొత్త రంధ్రాలు వేద్దామన్నారు ఒక షాపులో. రంధ్రాల మధ్య మిగిలే ఇనుము వేలెడు కూడా లేదు, ఒప్పుకోలేదు. హబ్బులు, బేరింగులు జతగా మార్చాం.

అనుకోని లాభం: కొత్త చక్రాలు పెద్దవి కావడంతో ట్రాలీ 50 మి.మీ. లేచింది. జాకీ బ్రాకెట్టు కింద ఖాళీ 197 నుంచి 247కు వచ్చింది. అనుకోని నష్టం: నొగ హుక్కు దగ్గర పాత ఎత్తులోనే ఉండి తొట్టి ముందుకు వాలినట్టయింది. హుక్కును ఒక రంధ్రం పైకి మార్చి మట్టం చేశాం.

ఖర్చు: టైర్లు, రిమ్ములు 6,400, హబ్బులు, బేరింగులు 4,600, కూలి 1,200. ఈ దశకు రూ. 12,200.
ఇప్పటికి రూ. 61,640.

దశ 4: అంటుకున్న మట్టి

39 డిగ్రీలకు పొడి మొరం జారుతుంది, తడి చెరువు మట్టి జారదు. తొట్టి లేచింది, వెనక సగం పడింది, ముందు రెండు మూలల్లో మట్టి ముద్దగా అతుక్కుని పైనే ఉండిపోయింది. ఇది ఒట్టి చికాకు కాదు. అంత బరువు తలకెత్తుకుని ట్రాలీ నిలబడి ఉండగా ఎడమ చక్రం మెత్తని నేలలోకి దిగడం మొదలైంది. తొట్టి మొత్తం ఎడమకు ఒరుగుతుంటే లీవరు వదిలేశాను. అది దిగిన ఆ పది సెకన్లు చాలా పొడుగ్గా ఉన్నాయి.

చేసిన మార్పులు, చేసిన వరుసలో:

1. చాసిస్ వెనక అడ్డకమ్మీ మీద రసమట్టం అతికించాను. నాలుగు అడుగుల వెడల్పులో రెండు పక్కలకూ 40 మి.మీ. మించి తేడా ఉంటే లీవరు ముట్టుకోకూడదు. చోటు మార్చాలి, లేదా చక్రం కింద పలక వేయాలి.
2. తొట్టి అడుగున పాత ఫ్లెక్సీ బ్యానరు పరిచాను, నున్నటి వైపు పైకి. నాయకుడు చేతులు జోడించి నవ్వుతున్న ఫ్లెక్సీ అది. మూడు ట్రిప్పులు అద్భుతంగా జారింది. నాలుగో దానికి ఆ చేతుల దగ్గరే చిరిగింది.
3. దాని బదులు 3 మి.మీ. ప్లాస్టిక్ షీటు. ముందు అంచును మాత్రమే బిగించాలి. మొదట నాలుగు వైపులా బిగించాను, ఎండకు సాగి మధ్యలో ఉబ్బింది.
4. ముందు మూలల్లో ఏటవాలుగా రేకు ముక్కలు అతికించాం. ముద్ద పట్టుకోవడానికి మూల లేకుండా పోయింది. అన్నిటికన్నా ఎక్కువ పనిచేసింది ఇదే, షీటు కన్నా చవక కూడా.
5. తొట్టి లోపల 12 అంగుళాల ఎత్తున పసుపు గీత. చెరువు మట్టి ఆ గీత దాటదు, అంటే 1,190 కిలోలు.

ఐదోదానికి కూలీలు ఒప్పుకోలేదు. "ఖాళీ ఉంది కదా సార్, ఇంకో నాలుగు తట్టలు పడతాయి" అని రోజూ అదే మాట. పట్టడం వేరు, మోయడం వేరు అని చెప్పి విసిగి, చివరికి గీత పక్కన పేలిన టైరు ముక్క ఒకటి మేకుతో వేలాడదీశాను. ఆ తర్వాత ఎవరూ అడగలేదు.

బ్రేకులు ఇప్పటికీ లేవు. బావి పక్క ఎత్తు దిగేటప్పుడు నిండు ట్రాలీ ట్రాక్టర్‌ను వెనక నుంచి తోస్తుంది. నీళ్ల గొట్టం మట్టంతో చూస్తే 40 మీటర్లకు మూడున్నర మీటర్లు పల్లం. అటు దిగడం మానేసి, గట్టు చుట్టూ 410 మీటర్ల దారి పెట్టుకున్నాను. బ్రేకులకు డబ్బు పెట్టే కన్నా 90 మీటర్ల డీజిలు నయమనిపించింది.

ఖర్చు: షీటు 2,700, మూల రేకులు 900. ఈ దశకు రూ. 3,600.
ఇప్పటికి: 53 ట్రిప్పులు, 61.1 టన్నులు, రూ. 65,240.

జూన్ 7

53వ ట్రిప్పు ఉదయమే అయిపోయింది. గేటు దగ్గర మట్టి కుప్ప ఉన్నచోట ఇప్పుడు నల్లటి మరక మాత్రమే ఉంది. ట్రాలీని కడిగి, తొట్టి ఎత్తి, ఎర్ర గొట్టం నిలబెట్టి కిందికి దూరాను. కుడి కమాన్‌లో పైపట్టీ మీద సన్నటి గీత అనుమానంగా కనిపించింది. గుడ్డతో కిరోసిన్ పూసి, పైన తుడిచి, సుద్దపొడి చల్లాను. కాసేపటికి తెల్లటి పొడిలో వెంట్రుకలాంటి తడి గీత తేలింది, వెడల్పులో మూడో వంతు దాకా. పట్టీ పొడవు, మందం, మధ్య బోల్టు రంధ్రం కొలుచుకున్నాను. రేపు మృగశిర, చేపల కోసం ఇంట్లోవాళ్లు ఎటూ రాంనగర్ పంపిస్తారు. ఎల్లుండి ఆటోనగర్.